మా బాబుకి చెవుల్లో గ్రోమెట్లు వెయ్యాలంటున్నారు, మత్తు అంటేనే గుండె దడగా ఉందండీ

లంకపిల్ల (అమలాపురం దగ్గర):

అందరికీ నమస్కారమండీ. ఇన్నాళ్ళూ ఇక్కడ మీరు రాసేవి చదవడమే గానీ నేనెప్పుడూ ఏం రాయలేదు, ఇప్పుడు నిద్ర పట్టక రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా బాబుకి నాలుగేళ్ళు, ఎల్కేజీ. పోయిన వానాకాలం నించీ జలుబు వదల్లేదు, ముక్కు కారుతూనే ఉంటుంది, పడుకుంటే నోరు తెరుచుకుని గురక, ఇంత లేడు ఈడికి గురకేంటే అని మా వదిన ఒకటే నవ్వు. తర్వాత టీవీ సౌండ్ పెంచమనడం మొదలెట్టాడు. వెనకనించి పిలిస్తే పలకడు, ఎదురుగా వెళ్ళి పిలిస్తే మాత్రం టక్కున పలుకుతాడు. స్కూల్లో మిస్సేమో మీవాడు చెప్పింది వినడండీ, తన లోకంలో తనుంటాడు అని డైరీలో రాసి పంపింది. మాట కూడా అంత స్పష్టంగా లేదు, స, శ అన్నీ మింగేస్తాడు, బయటివాళ్ళకి వాడు చెప్పింది నేను మళ్ళీ చెప్పాల్సిందే.

పిల్లల డాక్టర్ గారు చెవిలో లైటేసి చూసి ఈఎన్‌టీ దగ్గరికి పంపారు. ఆయనేమో కర్ణభేరి వెనకాల నీరు చేరి చిక్కగా బంకైపోయిందమ్మా, గ్లూ ఇయర్ అంటారు, మూడు నెలలు చూద్దాం, చాలామంది పిల్లలకి దానంతటదే పోతుంది అని ముక్కులో కొట్టే స్ప్రే రాశారు. మూడు నెలలయ్యాక మళ్ళీ ఇంపెడెన్స్ టెస్ట్ (చెవిలోకి గాలి పంపి కర్ణభేరి కదులుతుందో లేదో చూస్తారు) చేస్తే మధ్యలో పైకి లేవాల్సిన గీత చదునుగానే వచ్చింది, రెండు చెవులూ టైప్ బీ, అంటే నీరు ఇంకా అలాగే ఉంది అన్నారు. వినికిడి టెస్టులో రెండు పక్కలా 35 డెసిబుల్స్ దగ్గర ఉంది, అంటే వినికిడి కొంచెం తగ్గిందట. ఎక్స్‌రే తీస్తే ముక్కు వెనకాల ఉండే కండలు, అడినాయిడ్స్ అంటారు, బాగా పెరిగున్నాయట. అందుకని రెండు చెవుల్లో గ్రోమెట్లు, అంటే కర్ణభేరికి చిన్న కన్నం పెట్టి అందులో ఉంచే బుల్లి గొట్టాలు, పెట్టి, అదే మత్తులో అడినాయిడ్స్ కూడా తీసేస్తాం, పొద్దున్న వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. కాకినాడలో, వచ్చే గురువారానికి రాసుకున్నారు.

ఆయన చెప్పినంత సేపూ ధైర్యంగానే ఉన్నానండీ, బయటికొచ్చి బస్సెక్కాక మొదలైంది. చిన్న ఆపరేషనే అంటారు, కానీ మత్తు పెద్దదేగా. పద్నాలుగు కిలోల పిల్లాడు. మత్తిచ్చాక లేవకపోతే? బుర్ర మీద ఏమన్నా ప్రభావం ఉంటుందా? యూట్యూబ్ చూడొద్దని మా ఆయన కువైట్ నించి రోజూ చెప్తారు, ఆయన పెట్టెయ్యగానే నేను మళ్ళీ అదే చూస్తాను. ఆయన సెలవు దొరికేది సంక్రాంతికి, అప్పటిదాకా ఆపితే నేనుంటా కదా అంటారు, ఇంకోసారేమో ఆపొద్దులే చేయించెయ్యి అంటారు.

ఇంకోటి, కర్ణభేరికి కన్నం పెడతారంటే అది మళ్ళీ పూడుతుందా? ఆ కన్నంలోంచి నీళ్ళు పోతే? మా ఇల్లు కాలవ గట్టు మీదే, వేసవొస్తే పిల్లలంతా నీళ్ళల్లోనే ఉంటారు. ఆ రోజు పరగడుపున ఉంచాలట, వీడు తెల్లారగట్ట కళ్ళు తెరవగానే గ్లాసుడు గేదె పాలు తాగందే మంచం దిగడు. ఇవాళ పొద్దున్న మళ్ళీ ముక్కు కారుతోంది, జలుబుంటే మత్తివ్వరంటగా?

మా అత్తగారు ఆషాఢం వెళ్ళనివ్వండి, ఈలోపు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుందాం అంటున్నారు. మొక్కుకి నేను వద్దనను. ఆపాలా వద్దా అన్నదే తేలట్లేదు. పిల్లలకి ఈ ఆపరేషన్ చేయించినవాళ్ళెవరైనా ఉంటే ఆ రోజు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.


నరసాపురం లేసు:

చెల్లెమ్మా ముందు యూట్యూబ్ కట్టెయ్యి. మా పాపకి ఐదో ఏట ఇదే, గ్రోమెట్లూ అడినాయిడ్సూ కలిపే చేయించాం, భీమవరంలో. ఇప్పుడు మూడో క్లాసు. ఆ రోజు గురించి అడిగావు కాబట్టి అదే చెప్తాను.

ఏడింటికల్లా రమ్మన్నారు, దాని వంతు తొమ్మిది దాటాకే వచ్చింది, ఆ రెండు గంటలే అసలు కష్టం, ఆకలి ఆకలి అని ఒకటే గోల. ఎదురుగా ఎవరో ఇడ్లీ పొట్లం విప్పారు, నేను పాపని ఎత్తుకుని మెట్ల దగ్గరికి పారిపోయాను. మీతో వచ్చేవాళ్ళకి ముందే చెప్పు, పిల్లాడి ముందు ఎవరూ ఏమీ తినొద్దని. తర్వాత ఏదో తియ్యటి మందు తాగించారు, కాసేపటికి మాట ముద్దయి నవ్వడం మొదలెట్టింది. థియేటర్ తలుపు దాకా నేనే ఎత్తుకెళ్ళాను, మత్తు డాక్టరమ్మ మాస్కుకి స్ట్రాబెర్రీ వాసన రాసి ఈ బెలూన్ ఊదుతావా అంది, నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది, వెనక్కి కూడా చూళ్ళేదు. ఏడ్చింది నేనే. కొన్ని ఆస్పత్రుల్లో పిల్ల నిద్రపోయేదాకా తల్లిని లోపలుండనిస్తారు, కొన్నిట్లో ఉండనివ్వరు, మీ దగ్గర ఎలాగో ముందే అడుగు.

లోపల అరగంటో ముప్పావుగంటో. గ్రోమెట్ల వరకూ ఐతే పది పదిహేను నిమిషాలే, మిగతాదంతా అడినాయిడ్స్‌కీ మత్తుకీ. అదీ నోట్లోంచే తీస్తారు, బయట కోత ఉండదు, కుట్లుండవు. గ్రోమెట్ కూడా చెవి రంధ్రంలోంచే మైక్రోస్కోప్ పెట్టి వేస్తారు, మాకు ఒకటి చూపించారు, ఆవగింజకన్నా కాస్త పెద్దదంతే, మధ్యలో కన్నం.

ఇప్పుడు చెప్పేది నాకు ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెప్తున్నాను. మత్తు దిగేటప్పుడు పిల్ల పూనకం వచ్చినట్టు ఏడుస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, నిన్ను చూస్తుంది, గుర్తుపట్టదు, తన్నుతుంది, చేతికున్న సూది పీకెయ్యబోతుంది. నాకు కాళ్ళు చల్లబడిపోయాయి, పిల్లకేదో అయిపోయిందనుకున్నాను. నర్సు మాత్రం తాపీగా, ఈ వయసు పిల్లలు చాలామంది ఇంతేనమ్మా, ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చోండి అంది. అరగంటలో నిద్రపోయింది, లేచాక అదేమీ గుర్తు లేదు దానికి. ముక్కులోంచి కొంచెం రక్తం కలిసిన చీమిడి వస్తుంది, దానికి కంగారు పడకు. ఎర్రగా ధారగా కారినా, మాటిమాటికీ గుటకలు మింగుతున్నా, రక్తం కక్కుకున్నా మాత్రం వెంటనే పిలవాలి.

సాయంత్రం ఇంటికొచ్చాక బకెట్‌లో పంపు నీళ్ళు పడుతుంటే రెండు చెవులూ మూసుకుని అమ్మా ఆపు గట్టిగా ఉంది అంది. మా ఇంట్లో ఆ పంపు దానికన్నా ముందునించీ ఉంది చెల్లెమ్మా.

అంతా సాఫీగా అయిందనను. కొన్ని నెలలకి జలుబు చేసి ఒక చెవిలోంచి పసుపు నీళ్ళు కారాయి, వాసన కూడా, డాక్టర్ గారు చూసి చుక్కలిస్తే తగ్గింది. గ్రోమెట్లు ఏడాదికి అటూ ఇటూగా వాటంతటవే ఊడొచ్చాయి, ఒకటి దిండు మీద దొరికింది, ఇంకోటి గుబిలిలో ఇరుక్కుంటే డాక్టర్ గారు తీశారు. కన్నాలు పూడిపోయాయి. నూటికి ఒకరిద్దరికి కన్నం పూడకుండా మిగిలిపోవచ్చని మాకు ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు, అదీ నిజమే.


గోదారిగట్టు:

అయిన దానికీ కాని దానికీ ఆపరేషన్లేటండీ ఈ రోజుల్లో. మా చిన్నప్పుడు వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నువ్వులనూనె గోరువెచ్చగా రెండు చుక్కలు పోసేవారు, అంతే. మావాళ్ళెవరికీ చెవుడు రాలేదు. పిల్లాడి చెవికి కన్నం పెట్టించుకోవడం ఏటమ్మా.


థియేటర్ సిస్టర్ (కాకినాడ):

పెద్దాయన గారూ కోపం తెచ్చుకోకండి, మీరు నూనె పోసేది కర్ణభేరికి ఇవతల, ఆ బాబుకి నీరు చేరింది అవతల. చర్మం అడ్డుంటుంది, నూనె అటు పోదు. మన దగ్గరుండే ఉక్కకి నూనె పోసిన చెవిలో బూజు పట్టి, దురదా నొప్పీ అని వచ్చేవాళ్ళని నా సర్వీసంతా చూశాను. లంకపిల్ల గారూ, ఆపరేషన్ అయ్యాక కూడా చెవిలో నూనె, పుల్ల, ఇయర్ బడ్ ఏదీ వద్దు, అత్తగారికి ఇప్పట్నించే చెప్పుంచండి.

నేను ఆపరేషన్ థియేటర్లోనే రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, కాబట్టి మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్, నేను చూసింది రాస్తున్నాను.

పిల్లల్లో చెవినీ ముక్కు వెనక భాగాన్నీ కలిపే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దాని మూతి దగ్గరే అడినాయిడ్స్ ఉబ్బి కూర్చుంటే చెవిలోకి గాలి వెళ్ళదు, నీరు దిగదు. గ్రోమెట్ చేసే పనల్లా ఆ గాలిని కర్ణభేరి వైపు నించి పంపడమే. పిల్లాడు పెరిగి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ గొట్టమే సరిగ్గా పనిచేస్తుంది, అప్పటిదాకా నెట్టుకురావడానికి ఇది. అందుకే కొంతమందికి ఊడిపోయాక రెండోసారి వెయ్యాల్సి వస్తుంది కూడా, అది ముందే తెలిసుంటే మంచిది.

పరగడుపు సంగతి. అన్నం, ఇడ్లీ, బిస్కెట్, గేదె పాలు ఇవన్నీ ఆరు గంటల ముందు ఆపెయ్యాలి, పాలు పల్చగా ఉన్నా పొట్టలో గట్టి తిండి కిందే లెక్క. మంచినీళ్ళు మామూలుగా రెండు గంటల ముందు దాకా ఇస్తారు, కానీ మీ ఆస్పత్రి చీటీలో ఏ టైము రాస్తే అదే. కొబ్బరినీళ్ళు పట్టొచ్చా అని మన కోనసీమ వాళ్ళు తప్పకుండా అడుగుతారు, మత్తు డాక్టర్ సరేనంటే తప్ప వద్దు, ఉత్త నీళ్ళే. ఇదెందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, అంతా మంచిగా ఉన్న పిల్లాడికి మనం చేతులారా తెచ్చుకునే ప్రమాదం ఇదొక్కటే. పాపం ఏడుస్తున్నాడు కదా అని ఓ నానమ్మ బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి బిస్కెట్ పెట్టింది, మేం ఎలా కనుక్కున్నామంటే గౌను మీద పొడి. కేసు వాయిదా వేసేశారు. ఎవరైనా ఏదైనా పెట్టేస్తే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు, తిట్టినా పర్లేదు. మీ బాబు పాలకి ఏడిచే టైము మీకు తెలుసుగా, ఆ టైముకి దారిలో ఉండేట్టు బయల్దేరండి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే సగం మర్చిపోతాడు. ఆ రోజు మొదటి కేసుగా పెట్టమని కూడా అడగండి, చిన్నపిల్లలని మామూలుగా ముందే తీసుకుంటారు.

జలుబు. అడినాయిడ్స్ ఉన్న పిల్లాడికి ముక్కు ఎండిన రోజు కోసం ఆగితే ఆపరేషన్ ఎప్పటికీ అవ్వదు. ఉత్త నీళ్ళలా కారుతూ, జ్వరం లేకుండా, ఆడుకుంటూ తింటూ ఉంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. జ్వరం, కఫంతో దగ్గు, పిల్లికూతలు, పచ్చటి చీమిడి ఉంటే కొన్ని వారాలు ఆపుతారు. బుధవారం దాకా ఆగకుండా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఇక మత్తు. మామూలు ఆరోగ్యంతో ఉన్న పిల్లాడికి ఇంత చిన్న కేసులో పెద్ద ఆపద రావడం చాలా చాలా అరుదు. బుర్ర గురించి అడిగారు, అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక ఇచ్చిన మాట నిజమే, అది మూడేళ్ళలోపు పిల్లలకి మూడు గంటలు దాటే మత్తు గురించి, లేకపోతే మళ్ళీ మళ్ళీ ఇచ్చేదాని గురించి. మీ బాబుకి నాలుగు, ఒక్కసారి, గంటలోపు. ఆ భయం పక్కన పెట్టెయ్యండి. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మన టౌనుల్లో మత్తు డాక్టర్లు ఒక నర్సింగ్ హోమ్ నించి ఇంకో నర్సింగ్ హోమ్‌కి తిరుగుతుంటారు, మా బాబు పూర్తిగా లేచేదాకా మీరుంటారా సార్ అని అడగండి. చిన్నపిల్లలకి తరచుగా మత్తు ఇస్తుంటారా అని అడగండి. రికవరీలో పిల్లాడి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టి పక్కన మనిషి ఉంటారా అని అడగండి. ఇవి అడిగితే చిరాకు పడేవాళ్ళ దగ్గర చేయించుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ఇబ్బందైందా, దెబ్బ తగిలితే రక్తం ఆగడానికి బాగా టైము పడుతుందా, పిల్లాడికి ఆయాసం, ఊగే పన్ను ఉన్నాయా, ఇవి వాళ్ళడక్కపోయినా మీరే చెప్పండి.


చించినాడ వంతెన:

నేనొక మాట వేరేగా చెప్తానండీ, ఏమనుకోకండి. మా చిన్నోడికీ ఇలాగే డేటిచ్చారు. ఈలోపు ఎండలొచ్చి జలుబు తగ్గింది, ఆపరేషన్ ముందు మళ్ళీ ఒకసారి టెస్ట్ చెయ్యండి సార్ అని నేనే పట్టుబట్టాను, చూస్తే గీత లేచింది, నీరు పోయింది. ఆపరేషన్ రద్దు. అందరికీ అలా అవుతుందని కాదు, ఈ నీరు వస్తూ పోతూ ఉంటుందంటారు, థియేటర్‌లోకి వెళ్ళే ముందు తాజా టెస్ట్ ఒకటి ఉండాలి. ఆపితే కొంపలేం మునగవు, ఇది ప్రాణం మీదకొచ్చే జబ్బు కాదు.


నరసాపురం లేసు:

టెస్ట్ మళ్ళీ చేయించమన్నది మంచి మాటే అన్నయ్యగారూ, దానికి నేనూ ఓటేస్తాను. సంక్రాంతి దాకా ఆపమంటేనే నాకు నచ్చదు. ప్రాణం మీదకి రాదు, నిజమే, కానీ పిల్లాడు ఎల్కేజీలో వెనక బెంచీలో కూర్చుని సగం మాటలు వినకుండా ఇంకో అర్ధ సంవత్సరం గడిపేస్తాడు. వీళ్ళు మూడు నెలలు ఆగి చూశారు, రెండు చెవులూ, మాట కూడా తేడాగా ఉంది, రాత్రి గురక ఉంది. మీవాడికి మాట బానే ఉందా అప్పుడు?


చించినాడ వంతెన:

మాట బానే ఉండేదండీ. గురక కూడా లేదు. అదీ తేడాయే, ఒప్పుకుంటా. ఆపాల్సి వస్తే మాత్రం ముందు బెంచీలో కూర్చోబెట్టి మొహం చూసి మాట్లాడమని ఆ మిస్సుకి టెస్ట్ కాయితం జిరాక్స్ తీసి ఇవ్వండి. ఖర్చు మాట, ఎన్టీఆర్ వైద్య సేవలో మీ కేసు వస్తుందో రాదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ముందే అడగండి, తర్వాత అడిగితే పనవ్వదు.


లంకపిల్ల:

అందరికీ పేరు పేరునా థాంక్సండీ, చదువుతుంటే ఏడుపొచ్చేసింది. సిస్టర్ గారు చెప్పినట్టు ఇవాళే ఫోన్ చేశాను, జ్వరం లేకపోతే తీసుకురండి, ముందు రోజు వచ్చి మత్తు డాక్టర్‌కి చూపించి బ్లడ్ టెస్టులిచ్చి వెళ్ళండి అన్నారు, చెవి టెస్ట్ కూడా ఆ రోజే మళ్ళీ చేస్తామన్నారు, అడగ్గానే ఒప్పుకున్నారు, నేనే ఎలా అడగాలా అని అరగంట ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా ఆయనకి ఇదంతా చదివి వినిపిస్తే టెస్ట్‌లో గీత లేస్తే ఆపు, లేవకపోతే చేయించెయ్యి, నేను వీడియో కాల్‌లో ఉంటా అన్నారు. అత్తగారికి మాత్రం ఆషాఢం గురించి నేనేం చెప్పలేదు, డాక్టర్ గారు ఖాళీ లేదన్నారని చెప్పాను, అబద్ధమే, పోనీలెండి.

ఇంకో రెండు అనుమానాలు. మా మావయ్యగారు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తారు, పిల్లాడు ఎప్పుడూ ఆయన పక్కనే. దీనికీ చెవికీ సంబంధం ఉంటుందా? ఇంకోటి స్నానం, తలంటు, కాలవ. 2027లో పుష్కరాలొస్తాయి, అప్పటికి మునక వేయించొచ్చా అని అత్తగారు ఇప్పట్నించే అడుగుతున్నారు.


థియేటర్ సిస్టర్ (కాకినాడ):

చుట్టకి సంబంధం ఉందండీ, ఖచ్చితంగా ఉంది. ఇంట్లో పొగ పీల్చే పిల్లలకి ఈ చెవి నీరు ఎక్కువ వస్తుంది, తొందరగా తగ్గదు. మావయ్యగారిని మానమంటే మానరు, నాకు తెలుసు, మా నాన్నగారూ అంతే. మనవడికి చెవికి పడదని డాక్టర్ గారే చెప్పారని చెప్పి గట్టు మీదకి పంపించండి, మీ మాటకన్నా ఆ మాట ఎక్కువ పనిచేస్తుంది. పొగ పోయేదాకా పిల్లాణ్ణి ఎత్తుకోవద్దనండి.

స్నానం రెండో రోజునించి ఒంటికి పోసుకోవచ్చు, తలకి ఎప్పుడో మీ డాక్టర్ చెప్తారు. తలంటేటప్పుడు దూదికి వ్యాజ్‌లైన్ రాసి చెవి బయట పెట్టండి, ఉత్త నీళ్ళకన్నా సబ్బునీళ్ళు, షాంపూ, కుంకుడు రసం ఆ సన్న కన్నంలోంచి తేలిగ్గా దిగుతాయి. కాలవలో దూకడం, చెరువులో మునగడం మాత్రం గ్రోమెట్లు ఉన్నన్నాళ్ళూ వద్దే వద్దు. పుష్కరాల సంగతి అప్పుడు చెవిలో చూసి చెప్తారు, ఊడిపోయి కన్నం పూడితే మునగొచ్చు, లేకపోతే నెత్తిన నాలుగు చుక్కలు జల్లండి, గోదారమ్మ ఏమనుకోదు. చెవి కారితే మెడికల్ షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చి వెయ్యకండి, కొన్ని రకాల చుక్కలు కన్నం ఉన్న చెవిలో పడితే లోపలి నరానికి మంచిది కాదు, డాక్టర్ రాసినవే వెయ్యాలి. బాబుని కువైట్ తీసుకెళ్ళే పనున్నా భయం లేదు, గ్రోమెట్ ఉంటే విమానంలో చెవి నొప్పి రాదు.


నరసాపురం లేసు:

చెల్లెమ్మా ఒకటి మర్చిపోయాను, ముందు గుండీలున్న చొక్కా వెయ్యి, తల మీంచి లాగే టీషర్టు వద్దు, ఇంటికొచ్చేటప్పుడు చేతికి ప్లాస్టర్ ఉంటుంది, చెవులు ముట్టుకోనివ్వడు. ఇంకో జత బట్టలు కూడా పెట్టుకో, మా పాప బస్సులో ఒకసారి కక్కుకుంది. అడినాయిడ్స్ కూడా తీస్తున్నారు కాబట్టి ఆ రాత్రికి చల్లారిన మెత్తటి పెరుగన్నం, ఐస్‌క్రీమ్ ఇవ్వొచ్చన్నారు మాకు, మీ డాక్టర్‌ని అడుగు. ఐస్‌క్రీమ్ మాట మాత్రం ముందే చెప్పకు, పరగడుపున అదే పాట పాడతాడు.